మూడు లెక్కపెట్టేలోపు

పోయిన నెల బందరు రోడ్డు మీద ఒక అద్దాల దంతవైద్యశాలలో నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. నేను వెళ్ళింది కుడివైపు పన్ను కోసం. దవడ మొత్తానికి ఎక్స్‌రే తీసిన డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తెర మీద బొమ్మ చూస్తూ చూస్తూ ఎడమవైపుకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఆ ఎడమ పన్ను ఒక్కదానికే మళ్ళీ చిన్న ఎక్స్‌రే తీసింది.

“దీనికి ఎవరు చేశారండీ?” అంది.

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన కొత్తవాళ్ళు ఒక బీరువానో కుర్చీనో వేలితో తట్టి, ‘ఇది ఎవరు చేశారండీ’ అని అడిగేవారు. అడిగిన వస్తువు నెల తిరక్కుండా అమ్ముడై గుమ్మం దాటేది. అందుకని ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ నచ్చదు. పాడైందా అని అడిగాను.

పాడవలేదంది. పెన్ను మొనతో చూపించింది. పైన తెల్లగా సిమెంటు. కింద నల్లగా పన్ను లోపలి గది, నరం ఉండే చోటు. రెంటికీ మధ్య గోటి అంచంత సన్నని తెల్లని గీత. ఆ గీత ఏ డాక్టరూ పెట్టింది కాదట. ఒకప్పుడు నరం బయటపడ్డ చోట, లోపలి నుంచి పన్ను తనంతట తాను కట్టుకున్న గోడట. నరం బతికి ఉంటేనే కడుతుందట. ఇంత శుభ్రమైన గోడని పాఠాల్లో చూసిందిగానీ మనిషి నోట్లో చూడటం తక్కువేనంది.

“ఆ డాక్టరు గారితో ఒకసారి మాట్లాడొచ్చాండీ?”

ఆయన పోయి రెండేళ్ళయిందని చెప్పాను. పేరు అడిగితే చెప్పాను. ఇక్కడ మాత్రం రాయను. పటమటలో మందుల షాపు పైన ఉండే తన గదికి ఆయన పెట్టించుకున్న బోర్డులో పన్ను బొమ్మ పెద్దది, పేరు చిన్నది. ఆ పేరుని నేను పెద్దది చేస్తే ఒప్పుకోరు.

*

ఆయన ఎదుటి మనిషి మొహం చూసేవారు కాదు. కాళ్ళు చూసేవారు. మెట్ల పైన చెప్పులు విప్పించేది శుభ్రం కోసమని అందరం అనుకున్నాం. కాదు. మనిషి కుర్చీలో పడుకున్నాక ఆ బొటనవేళ్ళు ఆయనకి కావాలి.

నేను మొదటిసారి వెళ్ళింది ఒక వేసవి సాయంత్రం. ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉత్తరాలు, అర్జీలు రాయడం నా ఉద్యోగం. అక్కడినుంచి నేనుండే గదికి నడిచి వచ్చే దారిలోనే ఆయన మెట్లు. చల్లనీళ్ళు తాగితే ఎడమ దవడలో సూది దిగుతోంది. వెళ్ళగానే ఒక కాగితం నింపమన్నారు. ‘మీతో ఎవరు వచ్చారు’ అనే గడిలో ‘అవసరం లేదు’ అని రాశాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చదివి, ఈ గడిలో తాను కూడా ఇదే రాస్తానన్నారు. అంతే. జాలి పడలేదు. అందుకే కూర్చున్నాను.

“నొప్పి ఎంతసేపు ఉంటోందండీ?”

“నొప్పంటూ ఏమీ లేదు,” అన్నాను.

“మరి?”

“ఒకసారి చూపిద్దామని.”

మాది నొప్పి చెప్పే ఇల్లు కాదు. మా తాతగారికి మత్తు లేకుండా పన్ను పీకితే, పీకినవాడి చేతులు వణికాయి గానీ ఆయన కనురెప్ప కదల్లేదని ఉయ్యూరు చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఆ ఊరి దగ్గర మాకు చెరకు తోటలు ఉండేవి. ‘ఉండేవి’ అన్న మాట దగ్గర మా ఇంటి చరిత్ర అయిపోతుంది. పొలం పోయింది, ఇల్లు పోయింది, నొప్పి చెప్పకపోవడం మిగిలింది. దాన్ని కొనేవాళ్ళు ఎవరూ రాలేదు.

ఆయన వాదించలేదు. దూది ఉండని చల్లబరిచి నా పన్ను మీద ఆనించారు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ పడుకున్నాను. ఆయన తల పక్కకి తిప్పుకుని నా పాదాలవైపు చూస్తున్నారు. దూది తీసేశాక కూడా అటే చూస్తూ, ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టి, “వదిలేసింది,” అన్నారు.

ఏమి వదిలేసిందని అడిగాను.

“మీ బొటనవేలండీ. చల్లదనం తగలగానే బిగుసుకుంది. తీసేశాక మూడు లెక్కపెట్టేలోపు వదులైంది. నోరు అబద్ధం చెప్తుందిగానీ, కాలికి చేతకాదు పాపం.” తర్వాత కొంచెం ముందుకి వంగారు. “ఇది మంచిదే. నొప్పి వచ్చి వెంటనే పోయిందంటే లోపల నరం ఇంకా బతకాలనుకుంటోంది. పోకుండా పట్టుకుని కూర్చుంటే అప్పుడు కష్టం.”

నాకు కోపం వచ్చింది. లేచిపోదామనుకున్నాను. పళ్ళెం, అద్దం అన్నీ నా గుండెల మీదికి వంచి ఉన్నాయి. లేవలేకపోయాను.

మత్తు ఇచ్చి, పిప్పి తొలిచి, చేతి అద్దం నా ముందు పట్టుకున్నారు. పన్ను మధ్యలో ఆవగింజంత ఎర్రటి చుక్క. నా లోపలిది ఏదీ అంతవరకు నేను చూడలేదు. దాన్ని చూస్తూ ఆయన చెప్పింది నాకు మాటమాటకీ గుర్తుంది. నరం బయటపడిందని, ఎవరిని అడిగినా ఇప్పుడు నరం తీసేసి, గొట్టాలు పూడ్చి, పైన క్యాపు పెడతారని, అది తప్పేం కాదని, తాను కూడా రోజుకి నలుగురికి అదే చేస్తానని అన్నారు. అలా చేస్తే పన్ను నిలబడుతుంది, కాకపోతే చచ్చిన పన్ను. ఇంకో దారి ఉంది. గాయం మీద మన ఒంటి రక్తంలోంచే తీసిన మందు పెట్టి, పైన సిమెంటు వేసి, మానే అవకాశం దానికే ఇవ్వడం. మానొచ్చు, మానకపోవచ్చు.

“మీ విషయంలో నాకు ఒక్కటే భయం,” అన్నారు. “నొప్పి ముదిరితే నాకు తెలియాలి. మీరు చెప్పరు.”

చెబుతానని మాట ఇచ్చాను. మా ఇంట్లో మాట ఇవ్వడం కూడా నొప్పి చెప్పకపోవడమంత గట్టిదే. ఆ రెండింటినీ ఒకేసారి ఎలా మోయాలో అప్పుడు ఆలోచించలేదు.

*

ఆయన మందు తయారుచేసే పద్ధతి చెప్పాలి. మోచేతి మడతలోంచి గాజు గొట్టంలోకి రక్తం తీసేవారు. బల్ల మీద ప్రెషర్ కుక్కరంత గుండ్రటి మిషను ఉండేది. అందులో గొట్టం పెట్టి గిరగిరా తిప్పితే ఎర్రది అడుగుకి దిగి, మధ్యలో లేత పసుపు రంగు ముద్ద ఒకటి తేలుతుంది. జున్ను ముక్కలా ఉంటుంది. గాయం మానడానికి ఒంట్లో ఉన్న సరుకంతా అందులోనే ఉంటుందట. దానిలోంచి మినపగింజంత తుంచి నరం మీద పరిచేవారు. అంతకుముందు, తడి దూదితో నరాన్ని అదిమి పట్టి, రక్తం ఆగేదాకా తల వంచుకుని ఉండేవారు. ఆగితే బతుకుతుంది, ఆగకపోతే లేదు. ఆ కొద్ది నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ప్రార్థన చేసుకుంటున్నారేమో అని నేననుకునేవాణ్ణి. తర్వాత ఒకరోజు అడిగితే, లేదండీ, గడియారం చూస్తానన్నారు. ప్రార్థన ఆదివారం చేస్తారట.

ఆ మిషనులో ఒక్క గొట్టం పెట్టకూడదు. ఎదురుగా సరిగ్గా అంతే బరువున్న ఇంకో గొట్టం ఉండాలి, లేకపోతే మిషను బల్ల మీద ఎగిరిపడుతుంది. నాకు పని చేసిన రోజునే పక్క కుర్చీలో సుభాని ఉన్నాడు. ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టేవాడు. రోజంతా రేకు మీద సుత్తి కొట్టీ కొట్టీ మామూలు మాట కూడా అరిచినట్టు మాట్లాడతాడు. అతనికీ అదే అవస్థ, పై పన్నుకి. ఆయన ఇద్దరి రక్తమూ తీసి, రెండు గొట్టాలూ కళ్ళముందు పట్టుకుని కొలత చూసుకుని, ఎదురెదురుగా పెట్టారు. ఎదురు గొట్టంలో మామూలుగా ఏం పోస్తారని అడిగాను.

“నీళ్ళు పోసినా సరిపోద్దండీ,” అన్నారు. “కానీ మీకు సరితూగే మనిషి దొరికాడు కదా, నీళ్ళెందుకు?”

సుభాని పకపకా నవ్వాడు. సగం మొహం మొద్దుబారి ఉండటంతో నవ్వు ఒక పక్కకే వచ్చింది. నేను నవ్వలేదు. మిషను ఆగాక రెండు గొట్టాలూ స్టాండులో పెట్టారు. ఏది ఎవరిదో చీటీ చూస్తేగాని తెలియదు. చీటీ లేకుండా చెప్పగలనేమోనని నేను చాలాసేపు చూశాను.

*

ఆరు వారాలకి వెళ్ళాను, ఆరు నెలలకి వెళ్ళాను. నొప్పి ఉందా అంటే లేదన్నాను. ఆయన కాళ్ళు చూసుకుని రాసుకున్నారు. ఈ మధ్యలో, పని లేకపోయినా అప్పుడప్పుడు మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఎవరూ లేని సాయంత్రాలు ఆయన పేషెంటు కుర్చీలోనే కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. నాకు స్టూలు. నా వీపు ఎలా ఉందో చూసి, స్టూలుకి వెనక ఆనుకునేది లేదు, మీకు బాగా కుదిరింది అనేవారు. చెరకు గురించి అడిగేవారు. మీ ఇంట్లో పళ్ళతో చీల్చి తినేవాళ్ళు కాదేమో, వెండిగ్లాసులో రసం వచ్చేదేమో అని ఆటపట్టించేవారు. నిజానికి అలాగే వచ్చేది. ఆ సంగతి ఒప్పుకోలేదు. జమీందారు గారూ అని ఒక్కసారి పిలిచి, నా కాళ్ళు చూసి మళ్ళీ పిలవలేదు.

పొడుగు అట్టల పుస్తకం ఒకటి ఉండేది. నరం తీయకుండా బాగుచేసిన పళ్ళన్నీ అందులో రాసుకునేవారు. ఆరు వారాలకొక గడి, ఆరు నెలలకొక గడి, ఏడాదికొక గడి. మొదటి గడులు నిండి ఉండేవి. రెండోవి అక్కడక్కడా. చివరి గడుల వరస పై నుంచి కిందిదాకా దాదాపు ఖాళీ.

ఇన్ని పాడయ్యాయా అన్నాను.

“పాడైతే నిండేవండీ,” అన్నారు. “నొప్పి తిరగబెట్టినవాడు పొద్దున్నే వచ్చి తిట్టి, నరం తీయించుకుని పోతాడు. మానినవాడు ఎందుకొస్తాడు? నొప్పి లేని మనిషికి డాక్టరుతో ఏం పని? ఇన్నేళ్ళలో నా తప్పులన్నీ ఈ మెట్లెక్కి వచ్చాయి. ఒప్పులు ఎక్కడున్నాయో నాకు తెలీదు.”

ఫోన్లు చేసేవారు. బిల్లు కోసం పిలుస్తున్నారని జనం ఎత్తేవారు కాదు. అందుకని సాయంత్రాలు ఆటోనగర్ టీకొట్ల దగ్గర తిరిగేవారు. జేబులో చిన్న టార్చి. ఒకసారి టీ తాగుతున్న డ్రైవరుని చెంప పట్టుకుని నోరు తెరవమంటే, అతను సగం మింగిన టీతో నోరు తెరిచి నిలబడటం నేను చూశాను. చుట్టూ నవ్వులు. ఆయన మాత్రం టార్చి వేసి, ఆ, బాగుంది, బాగుంది అనుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది.

పన్ను మానిందని ఆయన దేన్ని బట్టి అనుకుంటారో కూడా ఒకసారి చెప్పారు. ఎక్స్‌రేలో గోడ కనపడాలి, చల్లదనం తెలియాలి, ఇవన్నీ పుస్తకం లెక్కలు. “నా లెక్క వేరే ఉంది. మీ పన్ను ఎలా ఉందండీ అని నేనడిగితే, ఏ పన్ను అని ఎదురు అడగాలి. మర్చిపోవాలి అసలు. ఆ మాట ఒక్కడు అంటే చాలు నాకు.” మళ్ళీ ఆయనే అన్నారు, “మర్చిపోయినవాడు వచ్చి చెప్పడు కదా, అదీ చిక్కు.”

*

ఏడాది నిండే ఆదివారం సుభానినీ నన్నూ భోజనానికి పిలిచారు. ఇద్దరిదీ ఒకే రోజు చేశాను కాబట్టి ఆ రెండు పళ్ళకీ పుట్టినరోజు అన్నారు. చర్చి నుంచి రాగానే కొరమీను పులుసు తానే చేస్తానన్నారు. మీ పులుసు నేను తినను, బిర్యానీ నేను తెస్తానని సుభాని అరిచాడు. పులుసు వంక మాత్రమే. ఆయనకి కావలసింది పుస్తకంలో మా ఇద్దరి ఏడాది గడులు.

వస్తానన్నాను.

మా ఇంట్లో బండ్లు బాగుచేసేవాళ్ళు అరుగు మీద తినేవారు. ఆ అరుగూ లేదు, ఆ ఇల్లూ లేదు, ఆ అరుగున్న వీధికి నేను వెళ్ళి ముప్పై ఏళ్ళు. అయినా ఆ ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని, మంచం మీద కూర్చున్నాను. పన్నెండయింది. ఒంటిగంట అయింది. తిరిగి పిలవడానికి నాకు ఇల్లు లేదు కాబట్టి ఒకరింట తినకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది గౌరవంగా వినిపించే కారణం. అసలు కారణం ఎదురు విస్తరి ముందు సుభాని. నా గదికీ ఆయన మెట్లకీ మధ్య నాలుగు వీధులు.

రెండున్నరకి ఫోన్ వచ్చింది.

“పని పడిందండీ,” అన్నాను. “పన్ను బాగానే ఉంది. నొప్పి లేదు.”

“ఫోన్లో మీ కాళ్ళు కనపడవు కదండీ,” అన్నారు.

వెనక సుభాని గొంతు వినపడుతుందేమోనని చెవి పెట్టాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తింటున్నాడు కాబోలు అనుకున్నాను. అన్నం సంగతి ఆయన ఎత్తలేదు. ఎప్పుడైనా రండి, ఒక్క ఎక్స్‌రే తీసుకుంటాను అన్నారు. అలాగేనన్నాను. ఆ తర్వాత మాట తప్పినవాడి మొహంతో ఆ మెట్లు ఎక్కలేక, ఆఫీసు నుంచి వచ్చే దారి మార్చుకున్నాను.

నాలుగు నెలల తర్వాత పటమట సెంటర్లో ఒక ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో చూశాను. చుట్టూ నల్ల అంచు. అప్పటికే పది రోజుల పాతది, ఒక మూల తాడు తెగి గాలికి కొట్టుకుంటోంది. ఊరందరి నోళ్ళూ తెరిపించిన మనిషి ఫొటోలో నోరు గట్టిగా మూసుకుని ఉన్నారు. ఆయన పళ్ళు ఎలా ఉండేవో నాకు గుర్తు రాలేదు. నేనెప్పుడూ చూడలేదు.

*

అద్దాల ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఇబ్బంది లేకపోతే ఆ పన్ను చల్లదనం కూడా చూస్తానంది. సరేనన్నాను. ఆ ఆసుపత్రిలో చెప్పులు విప్పనివ్వరు. చెప్పులతో సహా కాళ్ళకి నీలం ప్లాస్టిక్ సంచులు తొడుగుతారు. బొటనవేళ్ళు ఏం చేస్తున్నాయో ఎవరికీ కనపడదు. ఆ అమ్మాయి నా కాళ్ళవైపు చూడనూ లేదు. దూది ఆనించి, నేనేమైనా చెబుతానని నా మొహం చూస్తూ నిలబడింది.

“నొప్పి ఉందండీ,” అన్నాను.

అరవై రెండేళ్ళలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు. దూది తీసేసింది. మనసులో లెక్కపెట్టాను.

“పోయింది. మూడు లెక్కపెట్టేలోపు.”

చాలా మంచిదంటూ రాసుకుంది. ఆ చిన్న ఎక్స్‌రే నాకొకటి కావాలని అడిగాను. కాగితం మీద అచ్చు తీసి ఇచ్చింది. కవరులో పెట్టుకుని బయటికి వచ్చాక, దాన్ని ఎవరికి చూపించాలో తెలియలేదు. మందుల షాపు పైన గది తాళం వేసి ఉంటుంది. ఆ పుస్తకం ఏమైందో చెప్పేవాళ్ళు లేరు. ‘మీతో ఎవరు వచ్చారు’ అనే గడిలో ఆయనకీ ఎవరూ లేరు కదా.

మర్నాడు ఆటోనగర్‌లో సుభాని షెడ్డుకి వెళ్ళాను. మూడేళ్ళుగా ఆ షెడ్డు ముందునుంచే ఆఫీసుకి వెళ్తున్నాను, ఒక్కసారీ ఆగలేదు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. కూర్చున్నాను. ఆయన మాట నేనే ఎత్తాను. మంచి మనిషి సార్ అన్నాడు. ఆ ఆదివారం గురించి అడగకుండా ఉండలేకపోయాను. పులుసు ఎలా ఉందన్నాను.

సుభాని తల గోక్కున్నాడు. “నేను పోలేదు సార్. ఆ రోజు బండి డెలివరీ, ఓనరు నెత్తిమీద కూర్చున్నాడు. మీరెళ్తారుగా అనుకున్నా. మీరుంటే ఇంక ఆయనకి నేనెందుకులే అనుకున్నా.”

“నేనూ వెళ్ళలేదు,” అన్నాను.

షెడ్డులో ఎవరో రేకు కోస్తున్నారు. సుభాని నావైపు చూడకుండా చేతులు గుడ్డకి తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడుచుకున్నాడు.

నేను కవరు తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. ఇంకేమీ తోచక అడిగాను.

“నీ పన్ను ఎలా ఉంది?”

“ఏ పన్ను సార్?” అన్నాడు.

అడిగినందుకైనా వెతకాలనుకున్నాడేమో, సుభాని నోరు మూసుకుని, పైవరసలో ఒక్కొక్క పన్నూ నాలుకతో తడుముకుంటూ వెళ్ళాడు. చెంప మీద ఆ కదలిక కనపడుతూనే ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. దొరకలేదు.